ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరికి సిగ్నల్: నోమా లింక్‌ను కాగితం మీద మొదలుపెట్టి కోడ్ దాకా ఎలా డిజైన్ చేయాలి

ఈసీఈ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో నాకు ఒక గ్రాఫ్ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పైన ఒక గీత, కింద ఒక గీత. పైది నోమా, అంటే ఇద్దరికి ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సమయంలో పంపే పద్ధతి. కిందిది మామూలు ఓఎఫ్‌డీఎంఏ, అంటే ఒక్కొక్కరికి వేర్వేరు ఫ్రీక్వెన్సీ ముక్కలు ఇచ్చే పద్ధతి. మధ్యలో నలభై శాతం దాకా ఖాళీ. "6జీకి ఇదే దారి" అని కింద ఒక వాక్యం ఉంటుంది. అప్పుడు నేను ఒకటే అడుగుతాను: "ఫోన్‌కి ఛానెల్ ఎంతో ఎలా తెలిసింది? ఎప్పుడు కొలిచిన ఛానెల్ అది?" (ఛానెల్ అంటే దారిలో సిగ్నల్ ఎలా మారిందో చెప్పే విలువ.) చాలాసార్లు జవాబు రాదు. కోడ్‌లో ఛానెల్ విలువను నేరుగా రిసీవర్‌కి ఇచ్చేసి ఉంటారు.

పిల్లలు కష్టపడలేదని కాదు, చాలా కష్టపడతారు. కానీ సిమ్యులేటర్ ముందు తెరిచి లెక్క తర్వాత వేస్తారు. ఈ వ్యాసంలో దాన్ని తిప్పి చేద్దాం. ఒక టవర్, రెండు ఫోన్‌లు, ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే సమయం. కాగితం, క్యాలిక్యులేటర్, పైథాన్‌లో లెక్కల లైబ్రరీ నంపై ఉంటే చాలు. నిదానంగా చేస్తే రెండు మూడు సాయంత్రాల పని.

1. ముందు సమస్యను ఒక్క పేజీలో రాయండి

ఎవరు ఎవరికి పంపుతున్నారు? టవర్ నుంచి ఫోన్‌కా, ఫోన్ నుంచి టవర్‌కా? ఎంత బ్యాండ్‌విడ్త్? ఎవరు ఎంత వేగంతో కదులుతున్నారు? వీటికి జవాబు లేకుండా డిజైన్ అనే మాటే లేదు.

మనం తీసుకునేది డౌన్‌లింక్, అంటే టవర్ నుంచి ఫోన్‌కి. 3.5 గిగాహెర్ట్జ్, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్. మన దేశంలో 2022 వేలంలో 5జీ కోసం అమ్మిన 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే ఇది ఉంది కాబట్టి మీ లెక్కలు గాలిలోంచి పుట్టినవి కావు. టవర్‌కి 150 మీటర్ల దూరంలో ఒక ఫోన్, 500 మీటర్ల దూరంలో ఇంకొకటి. వీటిని దగ్గరి ఫోన్, దూరపు ఫోన్ అందాం.

ఇప్పటిదాకా వచ్చిన తరాలన్నీ మనుషుల్ని విడదీసే పనే చేశాయి. 2జీ జీఎస్ఎంలో 200 కిలోహెర్ట్జ్ క్యారియర్‌ను ఎనిమిది టైమ్ స్లాట్‌లుగా కోశారు. 3జీలో ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ ఇచ్చారు. 4జీ, 5జీల్లో బ్యాండ్‌ను సన్నని ఫ్రీక్వెన్సీ ముక్కలుగా, అంటే సబ్‌క్యారియర్లుగా కోసి పంచుతున్నారు. నోమాలో ఇద్దరినీ కావాలనే కలిపేస్తాం. విడదీసే భారం రిసీవర్ మీద పడుతుంది. పెళ్లి మేళంలో డోలు ఎంత గట్టిగా మోగినా, ఆ తాళం బాగా తెలిసినవాళ్లు దాన్ని మనసులో పక్కన పెట్టి సన్నాయిని విడిగా వినగలరు కదా, అదే పని ఫోన్ చేయాలి. తాళం ఏమాత్రం తప్పుగా ఊహించినా సన్నాయి చెడుతుంది. ఈ సంగతి ఎనిమిదో అడుగులో మళ్లీ ఎదురవుతుంది.

2. లింక్ బడ్జెట్ వేయండి

అంటే పంపిన పవర్‌లో ఎంత అందుతుందో, అది నాయిస్ కన్నా ఎంత ఎక్కువో లెక్క. డీబీ నిష్పత్తిని లాగ్‌లో చెప్పే కొలత (10 డీబీ అంటే పదింతలు), డీబీఎం ఒక మిల్లీవాట్‌తో పోల్చిన పవర్. నాయిస్‌తో మొదలుపెట్టండి. గది ఉష్ణోగ్రతలో ప్రతి హెర్ట్జ్‌కీ −174 డీబీఎం. 20 మెగాహెర్ట్జ్‌కి 73 డీబీ కలపాలి. ఫోన్ రిసీవర్ తన వంతుగా చేర్చే నాయిస్ 7 డీబీ అనుకుందాం. మొత్తం −94 డీబీఎం.

తర్వాత సిగ్నల్. టవర్ 2 వాట్లు, అంటే 33 డీబీఎం పంపుతోంది. యాంటెన్నా గెయిన్ 17 డీబీ. మొత్తం 50 డీబీఎం. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర మొదటి మీటర్‌లోనే 43.3 డీబీ పోతుంది. ఆ తర్వాత ఊరి వాతావరణానికి పాత్ లాస్ ఎక్స్‌పొనెంట్ 3.5 తీసుకుంటే, దూరం పదింతలైన ప్రతిసారీ ఇంకో 35 డీబీ. 150 మీటర్ల దగ్గర నష్టం 119.5 డీబీ, 500 మీటర్ల దగ్గర 137.8 డీబీ.

దగ్గరి ఫోన్‌కి అందేది −69.5 డీబీఎం, నాయిస్ కన్నా 24.5 డీబీ ఎక్కువ. దూరపు ఫోన్‌కి −87.8 డీబీఎం, 6.2 డీబీ ఎక్కువ. లెక్క సులువు కోసం 24 డీబీ, 6 డీబీ అనుకుందాం. మామూలు అంకెల్లో ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌కి సిగ్నల్ ఎన్ని రెట్లో ఆ నిష్పత్తి) 250, 4. ఈ రెండు సంఖ్యల్ని పేజీ పైన పెద్దగా రాసుకోండి, చివరిదాకా వీటితోనే పని.

ఇంత చిన్న లెక్క ఎందుకంటే, సిమ్యులేషన్‌లో ఎస్‌ఎన్‌ఆర్‌ను 0 నుంచి 40 డీబీ దాకా ఊరికే తిప్పేసి గ్రాఫ్ గీసే అలవాటు చాలామందికి ఉంది. ఈ దూరంలో, ఈ పవర్‌తో మీ ఫోన్ 40 డీబీ ఎప్పటికీ చూడదు. అది తెలిస్తే గ్రాఫ్‌లో కుడివైపు సగం అక్కర్లేదని మీకే అర్థమవుతుంది.

3. ఓఎఫ్‌డీఎం గడులు గీయండి

నోమా అంటే ఓఎఫ్‌డీఎంను పక్కన పెట్టడం అని కొందరు అనుకుంటారు. కాదు. ఓఎఫ్‌డీఎం వేవ్‌ఫార్మ్, అంటే ఎన్నో సబ్‌క్యారియర్ల మీద డేటాను ఒకేసారి పంపే సిగ్నల్, అలాగే ఉంటుంది. అందులోని ఒక్కో గడిలో (ఒక సబ్‌క్యారియర్, ఒక సింబల్ సమయం) ఒకరి బదులు ఇద్దరిని కూర్చోబెడతాం, అంతే.

5జీ పద్ధతిలో 30 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్ స్పేసింగ్ తీసుకోండి. 20 మెగాహెర్ట్జ్‌లో 51 రిసోర్స్ బ్లాకులు పడతాయి, ఒక్కో దాంట్లో 12 సబ్‌క్యారియర్లు, మొత్తం 612. సిగ్నల్‌ను సబ్‌క్యారియర్లుగా విడదీసే లెక్క ఎఫ్‌ఎఫ్‌టీ, దాని సైజు 1024, శాంప్లింగ్ 30.72 మెగాహెర్ట్జ్. ప్రతి సింబల్ ముందు దాని చివరి భాగాన్నే మళ్లీ అతికించే సైక్లిక్ ప్రిఫిక్స్ 72 శాంపిళ్లు, అంటే 2.34 మైక్రోసెకన్లు. ప్రతి స్లాట్‌లో మొదటి సింబల్‌కి మాత్రం 88 శాంపిళ్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అన్నిటికీ 72 పెట్టుకున్నా నష్టం లేదు.

ఆ 2.34 మైక్రోసెకన్లలో రేడియో తరంగం దాదాపు 700 మీటర్లు వెళ్తుంది. నేరుగా వచ్చిన సిగ్నల్‌కూ, గోడలకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్‌కూ దారి తేడా 700 మీటర్ల లోపు ఉన్నంతవరకు సింబళ్లు ఒకదానిమీద ఒకటి పడవు. మన 500 మీటర్ల సెల్‌కి ఇది మామూలుగా సరిపోతుంది.

14 సింబళ్లు కలిస్తే ఒక స్లాట్, అర మిల్లీసెకను. ఈ అర మిల్లీసెకనును గుర్తుపెట్టుకోండి.

4. కోడ్ జోలికి వెళ్లకముందే రేట్లు లెక్కపెట్టండి

షానన్ 1948లో ఇచ్చిన సూత్రం చాలు: ఒక హెర్ట్జ్‌కి సెకనుకు ఎన్ని బిట్లంటే, ఒకటికి ఎస్‌ఎన్‌ఆర్ కలిపి, 2 ఆధారంగా లాగ్ తీసుకోవడం.

మామూలు పద్ధతిలో సమయాన్ని ఇద్దరికీ సగం సగం ఇవ్వండి.

దగ్గరి ఫోన్: 251 లాగ్‌లో సగం = 3.99
దూరపు ఫోన్: 5 లాగ్‌లో సగం = 1.16

ఇప్పుడు నోమా. ఇద్దరికీ మొత్తం సమయం, మొత్తం బ్యాండ్. పవర్ మాత్రం పంచుతాం. ఎవరికి ఎక్కువ ఇవ్వాలి? దూరపు ఫోన్‌కి. చాలామంది ఇక్కడ తడబడతారు, దగ్గరివాడి సిగ్నల్ బాగుంది కాబట్టి వాడికే ఎక్కువ ఇద్దాం అనుకుంటారు. దూరపు ఫోన్ ఏమీ తీసేయలేదు, తన సిగ్నల్‌లో కలిసిన ఇంకొకరి సిగ్నల్‌ను నాయిస్‌లా భరించాలి. అందుకే దానికి 0.8, దగ్గరి ఫోన్‌కి 0.2.

దూరపు ఫోన్‌కి తన సిగ్నల్ 0.8 × 4 = 3.2. ఇంకొకరిది 0.2 × 4 = 0.8. నాయిస్ 1. నిష్పత్తి 3.2 ÷ 1.8 = 1.78. రేటు 1.47.

దగ్గరి ఫోన్ ముందు దూరపు ఫోన్ డేటాను డీకోడ్ చేస్తుంది. దానికి కనిపించే నిష్పత్తి 200 ÷ 51 = 3.92. దూరపు ఫోన్‌కి 1.78 చాలినప్పుడు దీనికి 3.92 ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. దాన్ని తీసేశాక మిగిలేది 0.2 × 250 = 50, నాయిస్ 1. రేటు 51 లాగ్, 5.67.

దగ్గరి ఫోన్‌కి 42 శాతం, దూరపు ఫోన్‌కి 27 శాతం లాభం. రిపోర్టుల్లో కనిపించే ఆ అందమైన ఖాళీ ఇదే. ఇది అబద్ధం కాదు, కానీ ఇంకా సగం లెక్కే.

ఇంకో జత మీద ఇదే లెక్క వేసి చూడండి. ఇద్దరూ దాదాపు ఒకే దూరంలో ఉన్నారు, ఎస్‌ఎన్‌ఆర్‌లు 50, 40. సగం సగం పంచితే 2.84, 2.68, మొత్తం 5.52. నోమాలో బలహీనమైన ఫోన్‌కి 0.87 ఇస్తే 2.91, 2.73, మొత్తం 5.63. లాభం రెండు శాతం! దీనికోసం ఫోన్‌లో ఇంత పెద్ద రిసీవర్ ఎవరూ పెట్టరు. కాబట్టి జత కలిపేటప్పుడు ఇద్దరి ఎస్‌ఎన్‌ఆర్ మధ్య పెద్ద తేడా ఉండేలా చూడండి. మా ఉదాహరణలో అది 18 డీబీ.

5. రెండు సిగ్నళ్లు కలపండి, కలిపాక చుక్కలు చూడండి

నేర్చుకునేటప్పుడు ఇద్దరికీ క్యూపీఎస్‌కే, అంటే నాలుగు చుక్కల్లో ఒకదానితో రెండు బిట్లు పంపే పద్ధతి, పెట్టండి. దూరపు ఫోన్ సింబల్‌ను 0.8 వర్గమూలంతో, దగ్గరి ఫోన్ సింబల్‌ను 0.2 వర్గమూలంతో గుణించి కలపండి. ఆ వచ్చిన చుక్కల్ని గ్రాఫ్ మీద గీయండి. ఈ ఒక్క పని వదలొద్దు.

ఒక్కో అక్షం మీద దూరపు ఫోన్ సింబల్ ±0.632, దగ్గరిది ±0.316. కలిపితే ±0.949, ±0.316 వస్తాయి. చుక్కల మధ్య ఎడం అంతటా 0.632. అంటే 0.8, 0.2 పంపకంలో రెండు క్యూపీఎస్‌కేలు కలిసి సరిగ్గా 16 క్వామ్ (పదహారు చుక్కల పద్ధతి) అవుతాయి. మొదటిసారి ఈ బొమ్మ స్క్రీన్ మీద పడినప్పుడు విద్యార్థుల ముఖాల్లో వెలుగు చూడాలి. అప్పటిదాకా పవర్ పంపకం ఒక సూత్రంలోని అక్షరం మాత్రమే. ఆ క్షణం నుంచి అది చుక్కల మధ్య దూరం.

ఇప్పుడు పంపకాన్ని 0.5, 0.5 చేసి మళ్లీ గీయండి. పదహారు చుక్కలు ఉండాల్సిన చోట తొమ్మిదే ఉంటాయి. కొన్ని ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. ఏది ఎవరి బిట్టో ఏ రిసీవరూ చెప్పలేదు. సమానంగా పంచడం ఎందుకు కుదరదో ఇంతకన్నా స్పష్టంగా ఏ సూత్రమూ చెప్పదు.

ఇంకొక చిక్కు. మామూలు 16 క్వామ్‌లో పక్కపక్క చుక్కలకి ఒక్క బిట్ మాత్రమే తేడా ఉండేలా గ్రే కోడింగ్ చేస్తారు. రెండు క్యూపీఎస్‌కేలని ఊరికే కలిపితే ఆ క్రమం చెడుతుంది. దూరపు ఫోన్ బిట్టును బట్టి దగ్గరి ఫోన్ సింబల్‌ను అద్దంలో తిప్పినట్టు తిప్పితే క్రమం మళ్లీ వస్తుంది. రెండో విడతలో చేర్చుకోండి, మొదటి రోజే వద్దు.

దగ్గరి ఫోన్ నిజంగా 5 బిట్ల పైన అందుకోవాలంటే దానికి క్యూపీఎస్‌కే చాలదు, 64 క్వామ్ కావాలి. కోడ్ పని చేస్తోందని నమ్మకం కుదిరాక మార్చండి.

6. కోడ్ రాయండి, కానీ ఒక్కో మెట్టు దగ్గర ఆగి సరిచూసుకోండి

మొదటి మెట్టులో నోమా లేదు, ఓఎఫ్‌డీఎం కూడా లేదు. ఒకే ఫోన్, క్యూపీఎస్‌కే, నాయిస్ మాత్రమే. ఎస్‌ఎన్‌ఆర్ 4 దగ్గర బిట్ ఎర్రర్ 2.28 శాతం రావాలి. రాకపోతే అక్కడే ఆగిపోండి. సాధారణంగా నాయిస్ పవర్‌ను రియల్, ఇమాజినరీ భాగాలకి సగం సగం పంచడం మర్చిపోయి ఉంటారు.

రెండో మెట్టు ఓఎఫ్‌డీఎం. నంపైలోని ఐఎఫ్‌ఎఫ్‌టీ ఫలితాన్ని 1024తో భాగించి ఇస్తుంది. మీరు దాన్ని 1024 వర్గమూలంతో, అంటే 32తో గుణించి, రిసీవర్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ తర్వాత 32తో భాగించాలి. ఇది మరిచి నాయిస్‌ను టైమ్ డొమైన్‌లో కలిపితే మీ ఎస్‌ఎన్‌ఆర్ ఏకంగా 30 డీబీ తప్పుతుంది. ఒక బ్యాచ్ ఈ తప్పుతోనే మూడు వారాలు ఛానెల్ మోడల్‌ను మార్చుతూ కూర్చుంది. నేను ముందే అడిగి ఉండాల్సింది. అప్పటి నుంచి మొదటి సమావేశంలోనే ఈ 32 గురించి చెబుతున్నాను.

దాని తమ్ముడు లాంటి తప్పు ఇంకొకటి ఉంది. మీరు వాడేది 1024లో 612 సబ్‌క్యారియర్లు మాత్రమే. నాయిస్ మాత్రం 1024 మీదా పరుచుకుంటుంది. ఎస్‌ఎన్‌ఆర్‌ను టైమ్ డొమైన్ సిగ్నల్ పవర్ చూసి పెడితే, ఒక్కో సబ్‌క్యారియర్ దగ్గర నిజమైన ఎస్‌ఎన్‌ఆర్ 2.2 డీబీ ఎక్కువగా ఉంటుంది. ఓఎఫ్‌డీఎం పెట్టాక కూడా అదే 2.28 శాతం వస్తేనే ముందుకు వెళ్లండి.

మూడో మెట్టు, కలిపిన సిగ్నల్‌ను దూరపు ఫోన్‌కి పంపండి. ఎర్రర్ కరెక్షన్ ఏమీ లేకుండా ఎస్‌ఎన్‌ఆర్ 4 దగ్గర దాని బిట్ ఎర్రర్ దాదాపు 9.5 శాతం వస్తుంది. చూసి టెన్షన్ పడొద్దు, మీ కోడ్ సరిగ్గానే ఉంది. తన చుక్క సరిహద్దుకి 0.316 దూరంలో ఉన్నప్పుడు 18.6 శాతం, 0.949 దూరంలో ఉన్నప్పుడు 0.4 శాతం తప్పులు పడతాయి. సగటున 9.5. ఈ తప్పుల్ని సరిచేసే పని ఎల్‌డీపీసీ లాంటి ఎర్రర్ కరెక్షన్ కోడ్‌ది. సగం రేటు కోడ్‌తో (ఒక్కో డేటా బిట్‌కి రెండు బిట్లు పంపేది) మొదలుపెట్టండి.

7. దగ్గరి ఫోన్‌లో తీసివేత

దూరపు ఫోన్ సిగ్నల్‌ను ముందు డీకోడ్ చేసి తీసేయడాన్నే ఎస్‌ఐసీ అంటారు. క్రమం ఇది. అందిన సిగ్నల్‌లోంచి దూరపు ఫోన్ డేటాను డీమాడ్యులేట్ చేసి, డీకోడ్ చేయండి. సీఆర్‌సీ (డేటాలో తప్పు ఉందో లేదో చెప్పే అదనపు బిట్లు) సరిపోయిందా చూడండి. సరిపోతే ఆ బిట్లని మళ్లీ ఎన్‌కోడ్ చేసి, మళ్లీ మాడ్యులేట్ చేసి, 0.8 వర్గమూలంతో, మీరు అంచనా వేసిన ఛానెల్‌తో గుణించి, అందిన సిగ్నల్‌లోంచి తీసేయండి. మిగిలిందాంట్లో దగ్గరి ఫోన్ డేటా ఉంటుంది.

చాలా కోడ్‌లలో డీకోడింగ్ వదిలేసి సింబల్‌కి సింబల్ తీసేస్తారు. ఎస్‌ఎన్‌ఆర్ 250 దగ్గర అది కూడా బాగానే పని చేస్తుంది, ఎందుకంటే అక్కడ దూరపు సింబల్ తప్పు పడే అవకాశం లేనంత తక్కువ. ఫేడింగ్ (సిగ్నల్ బలం పైకీ కిందికీ ఊగడం) పెట్టగానే కథ మారుతుంది. ఒక్క సింబల్ తప్పుగా ఊహించి తీసేస్తే ఉన్న గొడవ పోకపోగా రెట్టింపవుతుంది.

సీఆర్‌సీ సరిపోకపోతే ఏం చేయాలో కూడా ముందే రాసుకోండి. సరిపోనప్పుడు తీసివేత ఆపేసి, ఆ బ్లాక్‌ను తప్పుగా లెక్కలో వేసి, మళ్లీ పంపించుకోవడమే నా సలహా.

8. తక్కెడ రెండు పళ్లేలకీ ఒకే తప్పు వేయండి

ఈ వ్యాసం రాయాలనిపించిందే ఈ అడుగు కోసం. ఫోన్‌కి ఛానెల్ అంచనాయే తెలుసు, అసలు ఛానెల్ ఎప్పుడూ తెలియదు. తనకి ముందే తెలిసిన పైలట్ సింబళ్లు చూసి లెక్కకడుతుంది, ఆ లెక్క కట్టిన క్షణం నుంచే అది పాతబడటం మొదలవుతుంది.

ముందు ఎంత పాతబడుతుందో చూద్దాం. డాప్లర్ ఫ్రీక్వెన్సీ అంటే వేగాన్ని కాంతి వేగంతో భాగించి 3.5 గిగాహెర్ట్జ్‌తో గుణించడం. గంటకు 3 కిలోమీటర్లు నడిచే మనిషికి 9.7 హెర్ట్జ్. 30 కిలోమీటర్ల బస్సుకి 97. సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్లే రైలు 130 అందుకున్నప్పుడు 421. అన్ని వైపుల నుంచీ ప్రతిబింబాలు వచ్చే చోట, అంచనాకూ అసలు ఛానెల్‌కూ మధ్య తప్పు పవర్‌లో దాదాపు ఇంత: 2 పై × డాప్లర్ × గడిచిన సమయం, దాని వర్గం, అందులో సగం. తప్పు చిన్నగా ఉన్నంతవరకే ఈ అంచనా చెల్లుతుంది.

నడిచే మనిషికి 2 మిల్లీసెకన్ల పాత అంచనాలో తప్పు 0.7 శాతం. 5 మిల్లీసెకన్లయితే 4.7 శాతం. బస్సులో అర మిల్లీసెకనుకే, అంటే ఒక్క స్లాట్‌కే, 4.7 శాతం. రైలులో ఒక్క స్లాట్ గడిచేసరికి పాత అంచనాతో తీసివేత చేయడంలో అర్థమే ఉండదు.

ఇప్పుడు ఈ తప్పును రేట్లలో పెట్టండి. ఒకే ఒక్క జాగ్రత్త: ఛానెల్ తప్పు నోమాకే కాదు, మామూలు పద్ధతికీ తగులుతుంది. రెండు పక్కలా వేయాలి. నోమాకే వేసి "నోమా పనికిరాదు" అని తేల్చిన రిపోర్టులూ చూశాను, ఎవరికీ వేయకుండా 42 శాతం అని రాసినవీ చూశాను. రెండూ తూకం కాదు.

తప్పు 1 శాతం అనుకుందాం. మామూలు పద్ధతిలో దగ్గరి ఫోన్‌కి నాయిస్ 1, దానికి తోడు తన సిగ్నల్‌లోనే 1 శాతం, అంటే 2.5. నిష్పత్తి 250 ÷ 3.5, సగం సమయానికి రేటు 3.09. నోమాలో నాయిస్ 1, తీసేసిన దూరపు సిగ్నల్‌లో మిగిలిపోయింది 2, తన సిగ్నల్‌లోది 0.5. నిష్పత్తి 50 ÷ 3.5, రేటు 3.93. లాభం 27 శాతం.

తప్పు 5 శాతం అయితే? మామూలు పద్ధతిలో 250 ÷ 13.5, రేటు 2.14. నోమాలో 50 ÷ 13.5, రేటు 2.23. లాభం 4 శాతం.

అంటే 42, 27, 4. ఆ 42కీ 4కీ మధ్య ఉన్నదల్లా ఛానెల్ అంచనా వయసు. నడిచే మనిషికి 5 మిల్లీసెకన్లు, బస్సులో వెళ్లే మనిషికి ఒక్క స్లాట్.

ఇక నోమాకి మాత్రమే తగిలే తప్పులు వేరే ఉన్నాయి. ఎస్‌ఐసీలో దూరపు డేటా తప్పుగా డీకోడ్ కావడం, పవర్ పంపకం ఎంతో ఫోన్ తప్పుగా అర్థం చేసుకోవడం లాంటివి. వీటి వల్ల దూరపు సిగ్నల్‌లో 1.2 శాతం మిగిలిపోతే చాలు, దగ్గరి ఫోన్ రేటు మామూలు పద్ధతిలోని 3.99కి పడిపోతుంది. 5 శాతం మిగిలితే 2.47. దగ్గరి ఫోన్ నోమాలో చేరి నష్టపోయినట్టే. ఈ రెండు రకాల తప్పులకీ కోడ్‌లో రెండు వేర్వేరు మీటలు పెట్టుకోండి. ఒక్కటే పెడితే ఏది దేనివల్లో ఎప్పటికీ తేలదు.

టవర్ ట్రాన్స్‌మిటర్ కూడా కొంత తప్పు పంపుతుంది. 64 క్వామ్‌కి మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ ఒప్పుకునే ఈవీఎం (చుక్క తన అసలు చోటు నుంచి ఎంత జరిగిందో చెప్పే కొలత) 8 శాతం, పవర్‌లో చూస్తే దాని వర్గం, 0.64 శాతం. ఇదీ ఇద్దరికీ తగిలేదే. దీన్ని మొదటి మీటలో కలపండి.

9. పైలట్లు ఎన్ని, ఎక్కడ

ఇప్పుడు పైలట్ల ప్రశ్న దానంతట అదే తేలుతుంది. ఎస్‌ఎన్‌ఆర్ 250 ఉన్న ఫోన్‌కి ఒక్క పైలట్ చూస్తేనే నాయిస్ వల్ల వచ్చే తప్పు 0.4 శాతం. ఎస్‌ఎన్‌ఆర్ 4 ఉన్న ఫోన్‌కి ఒక్క పైలట్‌తో 25 శాతం, పన్నెండు సగటు తీస్తే 2 శాతం. కాబట్టి పైలట్ల సంఖ్యను దూరపు ఫోన్ నిర్ణయిస్తుంది, ఎంత తరచుగా అన్నది వేగం నిర్ణయిస్తుంది. నడిచేవాళ్లకి స్లాట్‌కి ఒక పైలట్ సింబల్ చాలు. బస్సుకి స్లాట్‌లో రెండు మూడు చోట్ల పెట్టి మధ్యలో ఇంటర్‌పొలేట్ చేయండి. పైలట్‌కి పోయిన ప్రతి సింబల్‌నీ రేటులోంచి తీసేయడం మరవొద్దు. పద్నాలుగులో రెండు పోతే పన్నెండే మిగులుతాయి. రైలు జోలికి వెళ్లాలనుకుంటే ఓటీఎఫ్‌ఎస్ లాంటి డిలే–డాప్లర్ పద్ధతులు చదవండి. అది వేరే ప్రాజెక్టు, దీనికి అతికించకండి.

10. అప్‌లింక్ అయితే

ఫోన్‌ల నుంచి టవర్‌కి పంపేటప్పుడు పై లెక్కలు నేరుగా పనికిరావు. అక్కడ ఒకే పవర్‌ను ఇద్దరికీ పంచడం ఉండదు, ఎవరి పవర్‌తో వాళ్లు పంపుతారు, ఇద్దరి సిగ్నళ్లూ వేర్వేరు ఛానెళ్ల గుండా వస్తాయి. బలంగా అందినదాన్ని ముందు డీకోడ్ చేసి తీసేస్తారు. ఇద్దరూ ఒకే సమయానికి అందేలా టైమింగ్ సైక్లిక్ ప్రిఫిక్స్ లోపల ఉండాలి. సెన్సర్లు వేలల్లో ఉంటే ఎవరు ఎప్పుడు పంపాలో ముందే చెప్పడం కుదరదు. అప్పుడు హవాయి విశ్వవిద్యాలయంలో 1971లో నడిచిన అలోహా (ఎవరికి కావాల్సినప్పుడు వాళ్లు పంపే పద్ధతి) దగ్గరికే మళ్లీ వెళ్తాం. స్లాట్‌లు పెట్టినా ఢీకొనడం వల్ల వాడుకోగలిగేది గరిష్ఠంగా 36.8 శాతం. ఢీకొన్న ప్యాకెట్లని ఎస్‌ఐసీతో విడదీయడంలోనే నోమా ఆలోచనకి నాకు ఎక్కువ భవిష్యత్తు కనిపిస్తుంది.

11. రిపోర్టు రాసేటప్పుడు

పోలిక సరిగ్గా ఉండాలి: మొత్తం పవర్ ఒకటే, బ్యాండ్‌విడ్త్ ఒకటే, పైలట్లు ఒకటే. మామూలు పద్ధతిని సగం సగానికే కట్టేయకండి. సమయం పంపకాన్ని 0.1 నుంచి 0.9 దాకా మార్చి, ఇద్దరి రేట్లనీ రెండు అక్షాల మీద గీయండి. నోమా గీతనీ అదే బొమ్మలో గీయండి. ఒక్క చుక్క కన్నా ఆ రెండు గీతల మధ్య ఖాళీ నిజం చెబుతుంది.

బిట్ ఎర్రర్ పదివేలలో ఒకటి అని రాయాలంటే కనీసం పది లక్షల బిట్లు పంపండి, అప్పుడే వంద తప్పులు కనిపిస్తాయి. మూడు తప్పులు చూసి గీసిన గీత ఇంకోసారి నడిపితే ఇంకోలా వస్తుంది. ర్యాండమ్ సీడ్‌ను రాసిపెట్టండి.

"6జీలో నోమా ఉంటుంది" అని రాయకండి. 3జీపీపీ 4జీ ప్రమాణమైన ఎల్‌టీఈ రిలీజ్ 14లో డౌన్‌లింక్‌కి ఇలాంటి కలయికను మస్ట్ అనే పేరుతో చేర్చింది. 5జీ కోసం రిలీజ్ 16 వేళ అప్‌లింక్ నోమా మీద అధ్యయనం జరిగింది, 2018 చివర ముగిసింది, ప్రమాణంలో మాత్రం చేరలేదు. టవర్ మీద ఎన్నో యాంటెన్నాలు పెట్టి ఇద్దరినీ దిశను బట్టే విడదీయగలిగితే తీసివేత అవసరం చాలాచోట్ల తగ్గిపోతుంది. వీలుంటే మీ సిమ్యులేషన్‌లో టవర్‌కి రెండు యాంటెన్నాలు పెట్టి, నోమాను దానితో కూడా పోల్చండి. ఆ పోలిక ఉన్న విద్యార్థి రిపోర్టు నా దగ్గరికి ఇంకా రాలేదు. మీది వస్తే ముందు దాన్నే చదువుతాను.